పెద్దపటేలు పత్తాలాట, నా లినక్సు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, షామీర్‌పేటలో కంప్యూటరున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన ఆ కాలంలో, నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు. లినక్సు వాడేవాళ్లు, లినక్సు గురించి ఇంకా నా నోట విననివాళ్లు. మొదటి రకంలో నేనొక్కణ్నే ఉండేవాణ్ని. రెండో రకంవాళ్లు నన్ను చూడగానే సందు మారేవారు. కోఠిలో ఒక కంప్యూటర్ పత్రిక కొంటే దాంతోపాటు ఉచితంగా వచ్చిన, విండోసుకు బదులు కంప్యూటరును నడిపే లినక్సు సీడీ నా బతుకునే మార్చేసిందని బస్సులో పక్క సీటువాళ్లకు కూడా చెప్పేవాణ్ని. "పైసల్లేకుండ ఎవలిస్తర్రా? అండ్ల ఏదో మతలబుంటది," అని మా అమ్మ మొదటిరోజే తేల్చేసింది. (కూరగాయలామె కొసరుగా వేసిన కొత్తిమీరను కూడా రెండుసార్లు తిప్పి చూసే మనిషి మా అమ్మ.) నేను మాత్రం మా మేడ్చల్ నుంచి మొదలుపెట్టి దేశం మొత్తానికి లినక్సు ఎక్కించే పని నా నెత్తినే ఉందనుకుని తిరిగేవాణ్ని.

నా మొదటి ఉద్యోగం షామీర్‌పేట రోడ్డు మీద ఒక వెంచర్ ఆఫీసులో. పొలాల్ని ప్లాట్లుగా కోసి అమ్ముతారు కదా, ఆ వ్యాపారం. మ్యాపులు గీయడం, అగ్రిమెంట్లు టైపు చేయడం నా పని. వ్యాపారం నడిపేది చిన్నపటేలు. భూములన్నీ మాత్రం ఆయన తండ్రి పెద్దపటేలు పేరు మీద ఉండేవి. కాబట్టి ఏ కాగితం కదలాలన్నా పెద్దాయన సంతకం కావాల్సిందే. అరవై దాటినా చెయ్యెత్తు మనిషి, తెల్ల ధోవతి, జేబులో ఎప్పుడూ పల్లికాయలు. రోడ్డుకు ఆవల ఆయన ద్రాక్షతోట ఉండేది. పొద్దున్నే తోటంతా ఒకసారి తిరిగొచ్చి, ఆఫీసులో నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు "ఏం పిలగా, గీ డబ్బా కాయితాలు కొట్టనీకేనా, ఇంకేమన్న పనికొస్తదా?" అనడిగితే, మౌసు పట్టడం అలవాటవుతుందని విండోసులో ఉండే పత్తాలాట, అదే సాలిటేర్ పేకాట, చూపించాను. నా జీవితంలో నేను చేసిన అతిపెద్ద కంప్యూటర్ బోధన అదే.

ఆ ఆట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముక్కలన్నీ రంగుల ప్రకారం సర్ది గెలిస్తే, పత్తాలు ఒక్కొక్కటే తెర మీద ఎగిరెగిరి దుంకుతూ పోతాయి. పెద్దపటేలు మొదటిసారి గెలిచిన రోజున ఆ దుంకుడు చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అదే సాయంత్రం, రెండేళ్లుగా తెగని గట్టు పంచాయితీ ఒకటి తెగింది. ఇంకేముంది! ఆనాటి నుంచి పత్తాలు దుంకితేనే సంతకం. ఎన్ని ఆటలాడినా దుంకకపోతే "ఇయ్యాల వద్దు, రేపు చూద్దాం తియ్యి" అని లేచిపోయేవాడు. బల్లి శకునాలూ పిల్లి శకునాలూ అన్నీ ఆ ఆట ముందు వెలవెలబోయాయి. చివరికి ప్లాట్లు కొనేవాళ్లు కూడా గేటు దగ్గరే నన్నాపి "ఏం సారూ, దుంకినయా?" అని వాకబు చేసేవారు. (నన్ను సారూ అని పిలిచింది ఆ కొద్దికాలమే.)

అంతలో ఆఫీసు కంప్యూటరుకు వైరస్ పట్టింది. ఒకటి పోగానే ఇంకొకటి. సర్వేయరు తెచ్చే ఫ్లాపీతో ఒకటొస్తే, చిన్నపటేలు దోస్తులు తెచ్చే పాటల సీడీతో మరొకటి వచ్చేది. గీసిన మ్యాపులు గీసినట్టే మాయమయ్యేవి. నాకు కావాల్సింది కూడా అదే. "లినక్సు ఏద్దాం పటేలా. వైరస్ రాదు, పైసా ఖర్చు లేదు, ఎన్నడూ ఆగది" అని చిన్నపటేలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "నీ ఇష్టం, నా మ్యాపులు మాత్రం నాకుండాలె" అన్నాడాయన. అంతే, ఆదివారం పూట కూర్చుని విండోసు మొత్తం తుడిచేసి లినక్సు ఎక్కించాను. ఉత్తరాలు టైపవుతున్నాయి, మ్యాపులు తెరుచుకుంటున్నాయి, ప్రింటరు కాసేపు అలిగినా బతిమాలితే దారికొచ్చింది. ఇంటర్నెట్ మోడెం మాత్రం ససేమిరా పలకనంది. ఫరవాలేదు, ఫోన్ బిల్లు తగ్గుతుందని చిన్నపటేలుకు దాన్ని కూడా లాభంగానే అమ్మేశాను.

సోమవారం పొద్దున పెద్దపటేలు వచ్చి కూర్చున్నాడు. లినక్సులోనూ పత్తాలాట ఉందని గర్వంగా తెరిచిచ్చాను. ఆడాడు, గెలిచాడు. గెలిచారు అని చెప్పే చిన్న డబ్బా ఒకటి వచ్చి ఊరుకుంది. పత్తాలు ఎక్కడివక్కడే బుద్ధిగా కూర్చున్నాయి.

"దుంకుతలెవ్వేందిరా?"

"గిండ్ల దుంకయి పటేలా. గెలిచిన్రు గదా, అదే లెక్క."

"అదెట్ల లెక్కయితది? దుంకలేదంటే దుంకలేదు." పల్లికాయ ఒకటి వొలిచి నోట్లో వేసుకుని, హాయిగా తోటలోకి వెళ్లిపోయాడు.

ఇక్కడే అసలు చిక్కు. సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్నపటేలు ఆ ద్రాక్షతోటను సికింద్రాబాద్ పార్టీ ఒకదానికి అమ్మే బేరం చేస్తున్నాడు. ప్లాట్లన్నిటికంటే పెద్ద బేరం అది. పార్టీ రావడం, పెద్దపటేలు ఆడటం, పత్తాలు దుంకకపోవడం, పార్టీ చాయ్ తాగి పోవడం. నెలరోజులు ఇదే తంతు. ఆఖరికి చిన్నపటేలు నన్ను పక్కకు పిలిచాడు. "నీ లినక్సో గినక్సో నాకెర్క లేదు. సోమవారం పార్టీ బయానా పైసలు పట్కొని వస్తాంది. ఆ లోపట పత్తాలు దుంకాలె. లేకుంటే నువ్వు దుంకుతవ్, గేటు బయటికి."

బుద్ధున్నవాడైతే మళ్లీ విండోసు వేసి ఊరుకునేవాడు, ఒక పూట పని. కానీ నెలరోజులు మేడ్చల్ బస్టాండు నుంచి షామీర్‌పేట చెరువు దాకా లినక్సు గొప్పలు పోయి, ఇప్పుడు పత్తాలాట దగ్గర ఓడిపోవడమా? ప్రాణం పోయినా సరే అనుకున్నాను. (ఆ వయసులో ప్రాణం చాలా చవక.) విండోసు ఆటల్ని లినక్సు మీద ఆడించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు చూసి నవ్వకండి, పొద్దూకితే జనం మూగే దుకాణంతో దీనికే సంబంధమూ లేదు. అది ఆ సీడీలోనే ఉంది. ఇక కావాల్సింది అసలు ఆట. అల్వాల్‌లో నెట్ సెంటర్ నడిపే దోస్తు దగ్గరికి బస్సెక్కి పోయి, ఫ్లాపీలో ఎక్కించుకొచ్చాను. తీరా నడిపితే, పత్తాల బొమ్మలు వేరే ఫైలులో ఉంటాయట, అది లేనిదే నేను లేవనంది. మళ్లీ బస్సు, మళ్లీ అల్వాల్. "గీ పత్తాలాట కోసం రెండుసార్లొచ్చినవార? విండోసే ఏసుకోరాదు!" అన్నాడు దోస్తు. "అదొక్కటి అడగకు," అన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆట లేచింది. నేను స్వయంగా ఆడి గెలిచాను. పత్తాలు దుంకాయి! ఖాళీ ఆఫీసులో ఒక్కణ్నే నిలబడి ఈలేశాను.

సోమవారం పార్టీ వచ్చింది. సఫారీ సూట్లు, తోలు సంచి. చిన్నపటేలు నా భుజం తట్టి "ఇయ్యాల దుంకుతయి బాపూ, పిలగాడు రిపేర్ చేసిండు" అన్నాడు. పెద్దపటేలు "అట్లనా?" అని నా వైపు చూసి, మెల్లగా కూర్చున్నాడు. అదేం అదృష్టమో, ఆ రోజు ముక్కలు అడిగినట్టల్లా వచ్చాయి. ఆట సగంలో "తోట తీస్కొని ఏం జేస్తరు?" అనడిగాడు పార్టీని.

"పందిళ్లు పీకి సాఫు చేసేస్తాం పటేల్ గారూ, రెండ్రోజుల పని. మెయిన్ రోడ్డు నేరుగా తోటలోని బావి మీదుగా పోతుంది," అన్నాడు సఫారీ.

పెద్దపటేలు ముక్కలు సర్దుతూ పోయాడు. ఆఖరికి ఒక్క రాజు మిగిలాడు. దాన్ని పైకి జరిపితే పత్తాలు దుంకుతాయి. మౌసు మీద ఆయన చెయ్యి ఆగిపోయింది.

"పిలగా, ఇది నడుమల ఆగుతదార?"

"ఆగది పటేలా. లినక్సు ఆగే ముచ్చటే లేదు."

"కొంచెం గూడ?"

"కొంచెం గూడ ఆగది," అన్నాను, నలుగురూ వినేలా.

అప్పుడాయన నా మొహంలోకి చూశాడు. ఇంటి కోడెను సంతకు తోలుకుపోతుంటే చూసే చూపు అది. అప్పటిదాకా నా మట్టిబుర్రకు తట్టని సంగతులన్నీ ఒక్కసారిగా తట్టాయి. రోడ్డుపక్క ప్లాట్లప్పుడు పత్తాలు దుంకేదాకా ఆట మీద ఆట ఆడేవాడు. తోట బేరమప్పుడు మాత్రం ఒక్క ఆట ఆడి లేచిపోయేవాడు. నేను లినక్సు వేసిన నెలరోజులూ ఆయనకు కొడుకును కాదనే పని లేకుండా, తోట దక్కుతూ వచ్చింది. మనిషి పల్లికాయలు తింటూ ఎంత నిమ్మళంగా ఉన్నాడు! పాపం శకునం కలిసిరాక బాధపడుతున్నాడని జాలిపడి, అల్వాల్‌కు రెండుసార్లు పోయి మరీ ఆయన గొంతు మీద కత్తి పెట్టింది నేనే.

లినక్సులో తెర మొత్తాన్ని కూలగొట్టడానికి మూడు మీటలుండేవి. మౌసు సర్దుతున్నట్టు ముందుకు వంగి మూడూ కలిపి నొక్కాను. తెర నల్లబడింది. దాని మీద నాలుగు తెల్ల అక్షరాల వరసలు వచ్చాయి.

"హ్యాంగైంది పటేలా," అన్నాను.

"ఏందీ? ఎన్నడు ఆగదంటివి గదరా! నెల దినాల సంది నా చెవులు తిన్నవ్ గదరా!" అని చిన్నపటేలు ఎగిరాడు. పెద్దపటేలు అప్పటికే కండువా దులుపుకుని లేచాడు. "ఉత్తగ దుంకకుంటే రేపు చూద్దుము. గని ఆఖరి పత్తా కాడ ఆగిందంటే అది మహా చెడ్డ శకునం బిడ్డా. ఇగ తోట ముచ్చట నా తాన తియ్యకుండ్రి," అని, గుమ్మం దగ్గర ఆగి, "మిషన్ తప్పుకు పిలగాన్నేమనకు," అని కూడా చెప్పి వెళ్లిపోయాడు. పార్టీ తర్వాత కీసర వైపు ఇంకేదో భూమి కొనుక్కుంది. మర్నాడు నా చేతులతోనే లినక్సు తుడిచి విండోసు వేశాను. నీ లినక్సు ఆగిపోయిందటగా అని మేడ్చల్ మొత్తం నన్ను ఏడాది పాటు ఏడిపించింది. అసలు సంగతి నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేవాణ్ని.

ఆ శనివారం పెద్దపటేలు పాలేరు మా ఇంటికొచ్చి ఒక గంప దించిపోయాడు. నిండా ద్రాక్ష, కోసి గంట కూడా కానివి. అమ్మ అలవాటు ప్రకారం గుత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎందుకిచ్చిండ్రా గిన్ని?"

"ఆఫీసుల కంప్యూటర్ ఖరాబ్ చేసిన్నమ్మా."

అమ్మ ఒక పండు నోట్లో వేసుకుంది. "అయితే వారానికొకపారి ఖరాబ్ చెయ్యి బిడ్డా," అంది.

ఇప్పుడు నా జీతం లినక్సు మీదే వస్తోంది. విండోసు ఆటలు కూడా దాని మీద ఒక్క నొక్కుతో నడుస్తున్నాయి, ఎవరూ అల్వాల్‌కు బస్సెక్కాల్సిన పని లేదు. తోట ఆ తర్వాత ఇంకా చాలా కాపులు కాసింది. అరుగు మీద గంప పక్కన కూర్చుని, లినక్సు పరువు పోయిందన్న దిగులునూ ఆ తియ్యటి పండ్లనూ కలిపి నములుతున్న ఆ కుర్రవాణ్ని తలచుకుంటే, వాడి పొగరుతో సహా నాకు ముద్దొస్తాడు.