పడవల దారిలో సెల్ఫీ పాయింట్

రిటైరుకు నాలుగేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో, నన్ను ఖమ్మం నుంచి గోదావరి ఒడ్డున ఉన్న ఒక రేవు పట్నానికి అసిస్టెంట్ ఇంజనీరుగా పంపారు. రేవును అందంగా తీర్చిదిద్దడం పని. అందమంటే ఏమిటో నాకు రెండు మెట్లు పైనుండే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మా ఈఈ గారు, ముందే తేల్చేశారు: స్టీలు రెయిలింగు, లాను, ఊరి పేరుతో నిలువెత్తు ఇనుప అక్షరాలు. జనం వాటి ముందు నిలబడి ఫొటోలు దిగాలి.

అక్షరాలకు ఆయన ఎంచుకున్న చోటు రేవు వాలు. వరద హెచ్చరిక రాగానే పడవలను తాళ్లతో కరకట్ట మీదికి లాక్కునే దారి అదొక్కటే. ఆ మాట మీటింగులో చెప్పాను. "గోదారి ఎప్పుడో వస్తది, మంత్రిగారు వచ్చే నెలనే వస్తున్నరు. నీకేది ముఖ్యమయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ప్రారంభోత్సవానికి ముందే మొదటి హెచ్చరిక వచ్చింది. పడవలవాళ్లు తాళ్లతో వాలు దాకా వచ్చి, అప్పటికే అడ్డంగా బిగించేసిన అక్షరాల ముందు ఆగిపోయారు. వారిలో పెద్దవాడు యోహాను. అతని ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది ఒక్క పడవే. "సారూ, గీ అక్షరాలు తింటమా ఏంది? జల్దీ తీయిండ్రి. పడవ పోతే మేం గిట్ల నిలబడి ఫొటోలు దిగుడే," అన్నాడు.

ఈఈ గారికి ఫోను చేశాను. మంత్రిగారు చూసేదాకా ఒక్క అక్షరం కదలకూడదన్నారు. నీళ్లు అప్పటికే కింది మెట్లు దాటాయి. ఫోను జేబులో పెట్టి, ఫిట్టరును పిలిచి బోల్టులు విప్పించాను. అక్షరాలను లానులో పడేశాం. పడవలన్నీ కట్ట ఎక్కాయి. యోహానుది ఆఖరుది; లాగుతుండగానే వరద దాని వెనక భాగాన్ని పక్కకు తిప్పేస్తోంది.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది: అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని ఊడదీసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. అదే వారం ఈఈ గారు పత్రికలవాళ్లతో, ముందుచూపుతో అక్షరాలు తీయించి పడవలు కాపాడామని చెప్పుకున్నారు. యోహాను నవ్వాడు: "మీ సారు నా పడవెక్కి ఫొటో దిగిండు. బూట్లు కూడా ఇడవలే."

రేవు మీద ఏం కట్టాలన్నా ముందు వరద రోజున అక్కడ నిలబడి చూడాలి. నేను నేర్చుకున్నది అంతే. ఆ తర్వాత అలా చూడకుండా ఏ డ్రాయింగు మీదా సంతకం చేయలేదు. ప్రమోషన్ రాలేదు. మెమోకు సంజాయిషీ మాత్రం రిటైరయ్యే రోజు దాకా ఇవ్వలేదు.