పదకొండు తొమ్మిదులు

చాలా ఏళ్ల కిందట కైకలూరు నుంచి ఏలూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న దర్జీ, ఒళ్లో ఫుట్‌బాల్ జెర్సీలు పెట్టుకుని బ్లేడుతో కుట్లు విప్పుతున్నాడు. అన్నిటి వెనకా తొమ్మిదో నంబరే.

“ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్లవండీ. టీవీలో గోల్సు కొట్టే స్లొవేనియా ఫార్వర్డుని చూసి పదకొండు మందీ అతని నంబరే కుట్టమన్నారు. రిఫరీ కుదరదన్నాడు. సాయంత్రమే మ్యాచ్.”

“అతను రిటైరైపోయాడు కదండీ?”

“అక్కడ రిటైరయ్యాడండీ. మన జిల్లా అంత జనం కూడా లేని దేశమట. మా ఊళ్లో ఇంకా ఆడుతూనే ఉన్నాడు.”

నేనూ ఒక చేయి వేశాను. ఏలూరు వచ్చేసరికి పది నంబర్లు ఊడదీశాం.

“ఈ ఒక్కటీ ఎవరికండీ?”

“గోల్‌కీపర్‌కండీ. గోలు కొట్టే యోగం వాడొక్కడికే లేదు కదా!”

ఇప్పటికీ ఎక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నా, ముందు గోల్‌కీపర్ వీపే చూస్తాను.