వాల్వు పోయింది

నరసరావుపేటలో మా అన్నయ్యకూ నాకూ ఉమ్మడిగా కరెంటు సామాన్ల కొట్టు ఉంది. కింద అన్నయ్య జనం కొనేవి అమ్ముతాడు. పైన అటక మీద నేను ఎవరూ కొననివి దాస్తాను. అవి పాత రేడియోల్లోని వాల్వులు. బొటనవేలంత వాటి నుంచి పొడుగు వంకాయంత వాటి దాకా ఉన్న గాజుబుడ్లు. చెప్పుల డబ్బాల్లో పత్తి పరిచి ఒక్కోదాన్నీ పడుకోబెట్టాను. పల్నాటి పత్తికి ఇంత పనికిమాలిన గిరాకీ ఇంకెక్కడా తగల్లేదని మా అన్నయ్య అంటాడు.

పోయిన ఎండాకాలం ఆయన సీసీ కెమెరాల వ్యాపారం మొదలుపెట్టాడు. ఆ పెట్టెలకు అటక కావాల్సి వచ్చింది. పాత సామాన్లు కొనేవాణ్ణి సోమవారం రమ్మన్నాననీ, ఈలోగా నీ బుడ్లు ఎటన్నా మార్చుకోకపోతే వాడే మారుస్తాడనీ చెప్పాడు. ఇంటికి తెచ్చుకునే దారి లేదు. వాల్వులు లోపలికొస్తే తాను బయటికి పోతానని నా భార్య ఏనాడో తేల్చేసింది. ఆవిడ మాట మీద నిలబడే మనిషి.

ఈ వాల్వు అనే మాట ఎక్కడిదో చెప్పాలి. మా వైపు సాగర్ కాలవ తూములకు షట్టర్లుంటాయి. ఒక మనిషి చేత్తో కాస్త తిప్పితే అంత నీరూ ఆగుతుంది, లేకపోతే పారుతుంది. వాల్వు కూడా అంతే. గాలి తీసేసిన గాజులో సన్న తీగ ఎర్రగా కాలుతుంది. కరెంటు ఒక్క వైపుకే పారుతుంది. మధ్యలో జల్లెడ లాంటి తీగ దాన్ని ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఆకాశంలో తేలివచ్చిన చీమంత సద్దు వీధంతా వినపడేది ఆ షట్టరు వల్లే. అమెరికావాళ్ళు దీన్ని ట్యూబన్నారు, ఇంగ్లీషువాళ్ళు వాల్వన్నారు. మనల్ని ఏలింది ఇంగ్లీషువాళ్ళు కాబట్టి దేశానికి వాల్వు దక్కింది. ట్యూబు నాకు దక్కింది. వేడెక్కితేగాని వెలగనని అన్నయ్య నన్ను చిన్నప్పటి నుంచీ ట్యూబులైటనే పిలుస్తాడు.

నా డబ్బాల్లో కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ మీద పాటలు మోగించిన మైకుసెట్టు వాల్వులున్నాయి. దాచేపల్లిలో డేరా కింద సినిమాలాడించిన వాళ్ళ వాల్వులున్నాయి. ముప్పాళ్ళ పంచాయతీ రేడియోలోది ఒకటుంది. హాలెండులో ఊదిన గాజు ముప్పాళ్ళ రైతులకు మిరప ధరలు చెప్పిందంటే, దాన్ని కిలోల లెక్కన తూయించే గుండె నాకు లేదు. వాల్వుకు నెత్తిన లోపలి వైపు వెండిపూత ఉంటుంది. ఆ పూత తెల్లబడితే లోపలికి గాలి చేరిందని అర్థం, ఇక అది పనికిరాదు. నా నెత్తి కూడా తెల్లబడింది. మిగతాది అన్నయ్య అననే అన్నాడు.

వాల్వు సెట్టు ఎట్లా పాడుతుందో ఒక్కసారి వింటే ఆయన మనసు మారుతుందనుకున్నాను. దానికి తగిన రేడియో ఒకటి నా దగ్గరుంది. మాచర్లలో రేడియోలు బాగుచేసిన ఒక మెకానిక్ భాయి పోయాక ఆయన భార్య ఇచ్చిన టేకుపెట్టె అది. ఆయన చివరిగా విప్పిన సెట్టు అదేనట. పలికినప్పుడు ఫోన్లో వినిపించమని అడిగిందామె. ఒక్క వాల్వు కాలిపోయి ఉంది. అటక నిండా వాల్వులున్నా సరిగ్గా ఆ నంబరుది మాత్రం లేదు.

శుక్రవారం కొట్లో కూర్చుని ఫోన్లు చేశాను. వాల్వు పోయిందనీ, గుంటూరులో దొరకలేదనీ, హైదరాబాదులో చూడమనీ, వాడిందైనా పర్వాలేదు పనిచేస్తే చాలనీ అందరికీ చెప్పాను. పక్క కిరాణా కొట్టు బాబాయి పప్పు తూస్తూ అంతా విన్నాడు.

సాయంత్రానికి ఇంటికి జనం రావటం మొదలైంది. కొబ్బరిబొండాలు వచ్చాయి. హార్లిక్సు సీసాలు వచ్చాయి. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఎందుకొచ్చారో నాకు తెలియలేదు. ట్యూబులైటును కదా. తెల్లారి గురజాల నుంచి మా మేనత్త బత్తాయిల సంచీతో బస్సు దిగి, నా చెయ్యి పట్టుకున్నాక వెలిగింది.

“ఒరేయ్ అబ్బాయ్, గుండెకి ఎవురో వాడిన వాల్వు ఏయించుకుంటావంట ఏందిరా? కొత్తది ఏయించుకో. నా గాజులున్నయ్, అమ్ముదాం.”

“అత్తా, అది కూడా గాజుదే. పోయింది నాకు కాదు, రేడియోకి.”

అంతకు ముందే అన్నయ్య వచ్చి, కళ్ళు తుడుచుకుని, అటక నీదేననీ సోమవారం ఎవరూ రారనీ చెప్పి ఉన్నాడు. నేను నోరు మూసుకుంటే కథ సుఖాంతం. కాని రోగం పేరు చెప్పుకుని అటక దక్కించుకుంటే నా వాల్వుల ముఖం మళ్ళీ ఎట్లా చూడను? అన్నయ్యను పిలిచి నిజం చెప్పేశాను. అన్నయ్య ముఖం ఎర్రగా కాలింది. బజారంతా తనను చూసి నవ్వుతుందన్నాడు. సోమవారం వాడు రావాల్సిందే అన్నాడు.

“నాకు వాల్వు పోయిందంటే ఊరంతా వచ్చింది,” అన్నాను. “దానికి పోయిందంటే నేనొక్కణ్ణన్నా ఉండొద్దా అన్నయ్యా?”

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. అత్త మాత్రం బత్తాయి ఒలుస్తూ, ఈడికి చానా పొగరు, వాళ్ళ తాత పోలికే, అంది. మా వంశంలో అంతకు మించిన మెప్పు లేదు.

సోమవారం కొట్టు తెరవగానే అటకెక్కి, నిచ్చెన పైకి లాక్కున్నాను. పాత సామాన్లవాడు గోతాంతో వచ్చి నిలబడ్డాడు. అన్నయ్య కింద నుంచి అరిచాడు.

“ఒరేయ్, దిగుతావా లేదా?”

“వాల్వు పోయినోణ్ణి అన్నయ్యా. ఎక్కటం దిగటం మంచిది కాదు.”

నిజం ఇంకా మా బజారు మలుపు తిరగలేదని అప్పుడే తెలిసింది. వైరు కొనటానికి వచ్చినాయన అన్నయ్యను ఎగాదిగా చూసి, గుండె బాగోని తమ్ముణ్ణి అటకెక్కించావేందయ్యా అని నిలదీశాడు. కిరాణా బాబాయి వచ్చి, డబ్బాలు తర్వాత మొయ్యొచ్చు, ముందు మనిషిని చూసుకోమన్నాడు. ఇంకో ఇద్దరు పోగయ్యారు. అన్నయ్య అది గుండె వాల్వు కాదని చెప్పబోతే, జబ్బు బయటికి పొక్కకుండా దాస్తున్నాడనుకున్నారు. పాత సామాన్లవాడు గోతాం మడిచి చంకలో పెట్టుకున్నాడు. పేణం మీదికొచ్చిన ఇంట్లో సరుకు తాను ముట్టనని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను నిజం చెప్పి పోగొట్టుకున్న అటకను బజారు నమ్మకపోవటం వల్ల మళ్ళీ సంపాదించుకున్నాను. సగమే అనుకోండి. మిగతా సగంలో కెమెరా పెట్టెలు పేర్చారు. మాచర్ల భాయి భార్య ఇచ్చిన రేడియో ఇంకా పలకలేదు. ఆ నంబరు కోసం ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను, ఇప్పుడు గొంతు పెంచి మరీ.

ఇంకొక్క వాల్వు పైకెక్కినా ఊరుకోనని అన్నయ్య అటక మూలన ఒక కెమెరా బిగించాడు. కింద గల్లాపెట్టె దగ్గర తెరలో నేను రోజంతా కనపడతాను. అందుకే ఏ కొత్త వాల్వు వచ్చినా మెత్తటి గుడ్డతో తుడిచి, నంబరు అన్నయ్యకు స్పష్టంగా కనపడేట్టు కెమెరా ముందు కాసేపు పట్టుకుని, ఆ తర్వాతే పత్తిలో పడుకోబెడుతున్నాను.