పానాలు పట్టుకుని నిలబడ్డ చోటు

ఆ చలికాలం నాటికి నాకు స్పానిష్‌లో వచ్చిన మాటలు ఇవి: ఆపు, నడుపు, ప్రమాదం, నూనె, ఖాళీ, నిండింది, ఎడమ, కుడి, తాకరాదు. అన్నీ యంత్రాల మీద అతికించిన పట్టీలు చూసి నేర్చుకున్నవే. వీటితో ఒక ప్యాకింగ్ మిషన్‌ను నడపవచ్చు, ఆపవచ్చు. ఒక మనిషిని పలకరించడానికి మాత్రం ఒక్కటీ పనికిరాదు.

మాది కోస్గి. డిప్లొమా మహబూబ్‌నగర్‌లో, ఇంజనీరింగ్ హైదరాబాద్ శివార్లలో చదివాను. తర్వాత జడ్చర్లలో మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో యంత్రాల మరమ్మతు పని చేశాను. అక్కడి నుంచి పై చదువుకు స్పెయిన్ వచ్చాను. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా నాలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. స్పానిష్ లేకుండానే పరీక్షలు, ప్రాజెక్టు, పట్టా అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత వాళ్ళు తలా ఒక దేశానికి వెళ్ళిపోయారు. నేను పని వెతుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చిన కార్డు పట్టుకుని ఉండిపోయాను. ఎండాకాలం మొదలయ్యేసరికి ఆ కార్డు గడువు తీరిపోతుంది. ఈలోపు నా చదువుకు తగిన పని, దానికి సంతకాలు పెట్టిన ఒప్పందం, రెండూ ఉండాలి. లేకపోతే తిరుగు ప్రయాణమే.

సముద్రానికి దూరంగా, గాలి ఎప్పుడూ వీచే పట్టణం అది. నా గదికి ఒక కిటికీ, కిటికీకి ఎదురుగా మరో ఇంటి గోడ. కిరాణా దుకాణంలో మనిషి ఉన్న కౌంటరు వదిలి, మనమే బిల్లు వేసుకునే మిషన్ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకోవచ్చు. మాట్లాడకుండా రోజులు గడిచిపోయేవి. కూర అడుగంటినప్పుడు "మాడుతాంది" అని పైకే అనేవాణ్ణి. ఎవరికి చెప్తున్నానో తెలియదు. నా గొంతు ఇంకా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికేమో.

దరఖాస్తులు చాలా పంపాను. వాటిని మూడు రకాలుగా విడదీసుకున్నాను: జవాబు రానివి, మర్యాదగా వద్దన్నవి, ఫోన్ చేస్తామన్నవి. మూడో రకంలో ఒకావిడ నిజంగానే ఫోన్ చేసింది. ఆ రోజు కోసం నా పేరు, చదువు, అనుభవం చెప్పే నాలుగు స్పానిష్ వాక్యాలు బట్టీ పట్టి ఉంచుకున్నాను. తడబడకుండా అప్పజెప్పాను. ఆవిడకు నా స్పానిష్ నచ్చినట్టుంది. వెంటనే గడగడా మాట్లాడడం మొదలుపెట్టింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ ఆగింది. చివరికి "స్పానిష్ రాదు" అని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆవిడ అయ్యో అన్నట్టు ఏదో అని పెట్టేసింది. ఆ తర్వాత బట్టీ పట్టిన వాక్యాలు ఎవరి దగ్గరా వాడలేదు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, జడ్చర్లలో బండలు పరిచే పని చేస్తాడు. వాళ్ళది నేతపని చేసే కుటుంబం. మగ్గం మీద బతకలేక ఈ పనిలోకి వచ్చాడు. పొద్దున్నే కూలీల అడ్డ మీద నిలబడతాడు. ఎవరైనా పిలిస్తే వెళ్తాడు. పదింటి దాకా ఎవరూ పిలవకపోతే ఆ రోజుకు ఇక పని లేనట్టే. పని దొరకక మిగిలినవాళ్ళంతా పక్కనున్న ఛాయ్ బండి దగ్గర కూర్చుంటారు. నాకు తెల్లవారే వేళకు బావకు పొద్దెక్కుతుంది. ఆ టైముకు నేను చేసిన ఫోన్ ఎత్తాడంటే ఆ రోజు బావకు పని దొరకలేదని అర్థం. అది తెలిసి కూడా ఎత్తితే బాగుండుననుకుంటూనే చేసేవాణ్ణి.

"ఏం బామ్మర్ది, తిన్నవా?"

"ఇప్పుడే లేచిన బావా."

"గిప్పుడు లేచినవా! ఈడ మాకు రెండు ఛాయ్‌లు అయినయ్."

వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది. "ఎవలు, మీ ఇంజినీరు బామ్మర్దా? నాకు గూడ ఓ వీసా పంపుమను!"

"ముందు ఆనికి దొరకనియ్యిరా పని," అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఫోన్ స్పీకర్ మీద ఉందని అప్పుడు తెలిసింది. "ఏమాయె మల్ల? అందరు భాష వస్తదా అనే అడుగుతున్రా?"

"అదే అడుగుతున్రు."

"నేను పూనా పోయినప్పుడు నాకేం మరాఠీ వచ్చు? ఒక్క ముక్క రాదు. పొద్దుగాల అడ్డ మీద నిలవడ్డ. చేతుల సుత్తె, బండలు కోసే మిషన్. సేటు వచ్చి మిషన్ దిక్కు చూసె, నా దిక్కు చూసె, బండెక్కు అనె. నోరెందుకు?"

"ఈడ అడ్డలుండవు బావా."

"ఎందుకుండవ్? పని చేసేటోళ్ళు పొద్దుగాల ఛాయ్ తాగరా? ఆడ నిలవడు. సామాను మంచిగ కనవడాలె. సూటు గీటు ఏసుకోకు మల్ల, మామూళ్ళకు వచ్చినవనుకుంటరు."

ఛాయ్ బండి దగ్గరున్న వాళ్ళంతా మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక గదిలో కూర్చుని ఆ మాటనే తిరగేశాను. దరఖాస్తు మాటలతో నడుస్తుంది. నాకు మాటలు లేవు. నా దగ్గర సామాను ఉంది. బావ చెప్పిన పద్ధతిలో లోపమెక్కడుందో వెతికాను, కనబడలేదు.

సామాను అంటే ఇది: సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఒకటి, పానాల సెట్టు, ఆరు పలకల మరలు తిప్పే అలెన్ కీలు, చిన్న సుత్తె, రెండు స్క్రూడ్రైవర్లు. జడ్చర్లలో ఉద్యోగం చేసినప్పుడు సొంతంగా కొనుక్కున్నవి. వచ్చేటప్పుడు సూట్‌కేసు బరువు ఎక్కువైతే, అక్క చేసిచ్చిన సజ్జరొట్టెలు సగం తీసేసి పానాలు పెట్టాను. అక్క ఇప్పటికీ ఆ మాట అంటుంది.

పట్టణం చివర చిన్న ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు వరుసగా ఉన్న చోటుంది. అక్కడ మూల మీద ఒక కాఫీ కొట్టు. పని మొదలుకాకముందు కూలీలు, డ్రైవర్లు, మెకానిక్కులు అక్కడ నిలబడి కాఫీ తాగుతారు. పాత ప్యాంటు, జడ్చర్ల కంపెనీ వాళ్ళిచ్చిన నీలం చొక్కా, దాని మీద స్వెటర్ వేసుకుని వెళ్ళాను. కొట్టు బయట, పానాలు గుడ్డమీద పరిచి, వెర్నియర్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

మొదటి రోజు ఒకాయన వంగి పెద్ద పానా తీశాడు. దాని మీద అచ్చువేసిన పేరు చదివాడు. బొటనవేలితో దాని నోటి అంచు రుద్ది చూశాడు. జేబులోంచి నోటు తీసి చూపించాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఇంకో నోటు కలిపాడు. నేను పానా మీద చెయ్యి పెట్టి వద్దని చూపి, ఆ తర్వాత నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. పానా కాదు, నేను, అని నా ఉద్దేశం. ఆయనకు ఎలా అర్థమైందో కానీ, పాపం ఇష్టమైన వస్తువు అమ్ముకోలేకపోతున్నాడన్నట్టు నా భుజం తట్టి, పానా కింద పెట్టి వెళ్ళిపోయాడు.

అడ్డ మీద సామాను పట్టుకుని నిలబడితే, పని అడుగుతున్నాడని జడ్చర్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ నేను పాత సామాను అమ్మేవాణ్ణి. అవి దొంగసొత్తని కూడా కొందరు అనుకున్నారేమో, నన్ను దాటాక వెనక్కి తిరిగి చూశారు. కొట్టు నడిపే ఆవిడ బయటికొచ్చి, తలుపుకు అడ్డంగా ఉన్నానని చేత్తో పక్కకు జరగమంది. జరిగాను. మర్నాడు గుడ్డ పరచలేదు. పానాలు సంచిలోనే ఉంచి, వెర్నియర్ ఒక్కటే పట్టుకున్నాను. అది ఇంకా వింతగా కనిపించిందనుకుంటా. ఎవరూ దగ్గరికి రాలేదు. లోపల అద్దం వెనక అందరూ మాట్లాడుకుంటున్నారు. తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలితో పాటు ఆ మాటలు బయటికొచ్చేవి. మూయగానే రెండూ ఆగిపోయేవి.

అయినా వెళ్ళడం మానలేదు. పని దొరుకుతుందని కాదు. ఆ పూటకు వెళ్ళడానికి ఒక చోటు ఉంది, అంతే.

ఒక పొద్దున నెరిసిన జుట్టు మనిషి ఒకాయన వచ్చాడు. ఒంటి మీద నూనె మరకల నీలం బట్టలు, చేతిలో గుడ్డలో చుట్టిన ఇనుప ముక్క. నన్ను దాటబోయి, వెర్నియర్ చూసి ఆగాడు. అడగకుండానే నా చేతిలోంచి తీసుకున్నాడు. గుడ్డ విప్పి, యంత్రంలో ఇరుసులా తిరిగి అరిగిపోయిన షాఫ్ట్ ఒకటి తీశాడు. వెర్నియర్‌తో పట్టి, గీతలు చదవడానికి చెయ్యి దూరంగా చాపాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు. ఏదో గొణుక్కుని రెండూ నా చేతిలో పెట్టాడు.

కొలిచాను. అంకె ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన చెవి దగ్గరికి తెచ్చాడు. మళ్ళీ చెప్పాను. లాభం లేదు. అప్పుడు ఆయన జేబులోంచి కనిపిస్తున్న రసీదు సైగతో అడిగి తీసుకుని, కిటికీ గట్టు మీద పెట్టి వెనకవైపు బొమ్మ గీశాను. షాఫ్ట్ ముందు నుంచి ఎలా కనిపిస్తుందో పైన, పై నుంచి ఎలా కనిపిస్తుందో దాని కింద. మహబూబ్‌నగర్ పాలిటెక్నిక్‌లో మాకు అలాగే నేర్పారు. ఇక్కడా అదే పద్ధతి. షాఫ్ట్ లావు మారే ప్రతి మెట్టు దగ్గర దాని అడ్డు కొలత వేశాను. అరిగిన చోట ఇప్పుడున్న కొలత, పక్కన బేరింగ్ సరిగా కూర్చోవాలంటే ఉండాల్సిన కొలత వేశాను. మర చుట్లున్న చోట వాటి సైజు రాశాను.

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. అరిగిన చోటి కొలత మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. షాఫ్ట్ తిప్పి ఒకవైపే అరిగిందని చూపించాను. తల ఊపాడు. తర్వాత ఏదో అడిగాడు. అర్థం కాలేదని చేత్తో చూపించాను. వచ్చేయమన్నట్టు తల ఊపి, కాఫీ తాగకుండానే నడిచాడు. సంచి తీసుకుని వెనకాలే వెళ్ళాను.

ఆయనది ఆ వీధిలోనే ఒక వర్క్‌షాప్. తినే వస్తువుల ప్యాకింగ్ మిషన్లు బాగుచేస్తారు. ఇనుము చెక్కే లేత్‌లు రెండు, ఒక మిల్లింగ్ మిషన్, ముగ్గురు పనివాళ్ళు. విప్పి పడేసిన ఒక గేర్‌బాక్స్ చూపించాడు. సాయంత్రానికల్లా దాని భాగాలన్నిటికీ బొమ్మలు గీసిచ్చాను. పొమ్మనలేదు. మర్నాడు వెళ్ళాను, అప్పుడూ పొమ్మనలేదు. పక్క ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడకు కొంచెం ఇంగ్లిష్ వచ్చు. నా కార్డు, పట్టా ఆవిడకు చూపించాను. ఆవిడ వాటిని ఆయనకు వివరించింది. గడువు లోపల ఒప్పందం రాయిస్తానన్నాడని ఆవిడే నాకు చెప్పింది.

అది బావకు చెప్పాలని పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు. పని దొరికిందన్నమాట. సంతోషించాల్సిందే. మళ్ళీ చేసి, అప్పుడూ ఎత్తకపోతే జరిగిందంతా మాట రికార్డు చేసి పంపాను. బావ తిరిగి చేసేసరికి నేను లేత్ పక్కన ఉన్నాను. చేతులకు నూనె. ఫోన్ మోగి ఆగింది. సాయంత్రం చూస్తే తనూ మాట రికార్డు చేసి పంపాడు.

"నిజంగనే నిలవడ్డవా బామ్మర్ది? నేను నవ్వులాటకు అన్న! అడ్డ మీద అందరికి చెప్పిన, నవ్వి నవ్వి చచ్చిన్రు. నీ అక్క మాత్రం ఏడ్సింది. గా చలిల నిలవెడ్తవా నా తమ్మున్ని అని నన్ను తిట్టింది. మంచిగుండు. ఒక మేస్త్రి పెద్ద పని పట్టిండు, నాకిగ పొద్దుగాల ఫోన్ కుదరదు."

చాలాసార్లు విన్నాను. అడ్డ మీద అందరూ నవ్వారన్న దగ్గర నాకూ నవ్వొచ్చేది. కానీ ఆ నవ్వులో నా గొంతు కలిపే వీలు లేదు.

వర్క్‌షాప్‌లో నాకు ఏ ఇబ్బందీ లేదు. పని కావాలంటే ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. నేను బొమ్మ గీసి వాళ్ళ బల్ల మీద పెట్టేవాణ్ణి. పదింటికి అందరూ ఒక బల్ల చుట్టూ రొట్టెలు విప్పేవారు. నాకూ జాగా ఇచ్చేవారు. వాళ్ళు మాట్లాడుకునేవారు. ఎవరైనా నవ్వితే వాళ్ళ మొహాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా నేనూ నవ్వేవాణ్ణి. నన్ను ఎందుకు తీసుకున్నారో అక్కడే అర్థమైంది. నాతో మాట్లాడాల్సిన అవసరం వాళ్ళకు ఎక్కడా రాలేదు.

ఒప్పందం చివరికి గడువుకు కొద్దిగా ముందు తయారైంది. లెక్కలావిడ ఆ రోజు రాలేదు. కాగితాలు ఆయనే నా ముందు పెట్టాడు. నేను చదవగలిగినవి చదివాను: నా పేరు సరిగ్గా ఉంది, పుట్టిన తేదీ సరిగ్గా ఉంది, మహబూబ్‌నగర్‌లో ఒక అక్షరం పోయింది. దాన్ని అలాగే వదిలేశాను. మిగతాది ఆయన వేలితో చూపిస్తూ, నెమ్మదిగా, పైకి చదివాడు. నెమ్మదిగా చదివితే నాకు అర్థమవుతుందని ఆయన నమ్మకం. ప్రతి పేరాకూ తలాడించాను. చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. ఆయనా పెట్టాడు. వెళ్ళిపోవాల్సి వస్తుందన్న భయం ఇక లేదు.

కాగితాలు సర్ది, కళ్ళజోడు తీసి, ఆయన నన్ను ఏదో అడిగాడు. పని గురించి కాదు. పని గురించి అడిగితే చేతులు కదుపుతాడు, యంత్రాల వైపు చూస్తాడు. ఇప్పుడు నా మొహంలోకే చూస్తూ, కొంచెం పెద్ద వాక్యమే అన్నాడు. చివర గొంతు పైకి లేచింది. జవాబు కోసం ఆగాడు.

నేను అవునన్నాను.

ఆయన ఇంకాసేపు చూశాడు. ఆ తర్వాత మెల్లగా తల ఊపి, కోటు వేసుకుని, నేను లేచి లైటు ఆర్పేదాకా తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఇప్పుడు నాకు స్పానిష్ చాలావరకు వచ్చు. ఫోన్‌లో మాట్లాడతాను, పదింటి బల్ల దగ్గర జోకులు కూడా వేస్తాను. ఆయన ఆ రోజు అడిగిందేమిటో పట్టుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. గొంతు గుర్తుంది, ఆగిన తీరు గుర్తుంది. మాటలు ఒక్కటీ మిగలలేదు. అప్పుడు అవి నాకు మాటలు కావు. ఇప్పుడు అడిగినా ఆయనకు గుర్తుండదు. నేను దేనికి అవునన్నానో నాకు తెలియదు.