తొట్టికి తాళం వేసిన దేవుడు

సహోదరులారా, సూర్యాపేట నుండి చివ్వెంల పోయే దారిలో నాకు క్రోమ్ పూత షెడ్డు ఉంది, నేను పూత పెట్టిన సైలెన్సర్‌లో సూర్యుడే ముఖం చూసుకుని తల దువ్వుకుంటాడు, కానీ పూత పెట్టగా మిగిలిన పచ్చటి నీళ్లు, అవి క్రోమియం విషం! రేకులు ఎగిరిపోయిన వెనకగదిలో తొట్టి అంచుదాకా నిండింది, దాని పల్లంలోనే పక్కింటి నర్సిరెడ్డి బావి. మునగాల దిక్కున ఏనుగుల మందలా మబ్బు లేస్తే వానకంటే ముందు నా గుండె జారిపోయేది. ఓనాడు నర్సిరెడ్డి తొట్టిలోకి తొంగిచూసి అన్నాడు: "తమ్మీ, గీ నీళ్లు పొంగి మా బాయిల పడితే నా మనుమరాలు ఏం తాగుతది?"

ఆ భయంతో నాకు అన్నం మన్నైపోయింది. కోదాడ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే మన సంఘపు సుగుణక్క, ఒక నల్లబూజు లోహాన్ని ఒంటికి పట్టుకుంటుందని చెప్పి, మిర్యాలగూడ మిల్లు తవుడు మీద పెంచి తెచ్చి తొట్టిలో దించింది, వారం కదపొద్దంది. ఆగడమా, నేనా! గడియకోసారి కర్రతో కెలికాను, బూజు ముక్కలై తేలింది, నీళ్లు పచ్చగానే ఉన్నాయి.

ఇంతలో నా భార్య మార్తమ్మ తొట్టి గోడకు నల్ల మచ్చలా పొడ చూసి హడలిపోయింది. ఇంటి గోడకు కుష్ఠుపొడ తేలితే యాజకుడు వచ్చి ఆ ఇంటిని వారం మూసివేయాలని బైబిల్లో ధర్మశాస్త్రం కదా, పాస్టరయ్యగారిని పిలిపించింది. అప్పుడే కొత్త బూజుతో వచ్చిన సుగుణక్క సంగతంతా విని, కొత్తది దించి, నవ్వు ఆపుకుంటూ అంది: "మూసెయ్యండి అయ్యగారూ, తాళంచెవి మాత్రం ఈయనకివ్వొద్దు."

సహోదరులారా, ఆ వారమంతా ఉరుములే! అయ్యగారు వెనకగదికి వేసిన తాళం పట్టుకుని ఏడ్చాను: "ప్రభువా, నా చేతులు కట్టేసినవ్, జర ఆ మబ్బును గూడ కట్టెయ్యి. ఆ పిల్ల గొంతులకు నా విషం పోనియ్యకు."

వాన ఆత్మకూర్ వైపు మళ్లి అక్కడి కప్పలకు సైతం జలుబు చేయించింది గానీ, మా తొట్టిలో చుక్క పడలేదు! తాళం తీస్తే నీళ్లు ఊటనీళ్లలా తేటపడ్డాయి. రంగును నమ్మొద్దని సుగుణక్క ఆ నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించింది, ఇంకా విషం మిగిలిందని ఇంకోసారి కొత్త బూజు వేయించింది, అప్పుడుగానీ క్రోమియం పోయిందనలేదు. విషం తాగిన ఆ బూజును డ్రమ్ముల్లో మూసి, ప్రమాదకర వ్యర్థాల వాళ్లకు అప్పగించాము.

ఆ సాయంత్రం నర్సిరెడ్డి చేదతో నీళ్లు తోడి, నా ఎదుటే మనుమరాలికి తాగించాడు. ఆ చిన్న గొంతు కదులుతుంటే బావి గట్టునే మోకరించాను. దేవునికే మహిమ! భయం తీరాక ప్రభువు దగ్గరికి వస్తామని ఆగకండి, వణుకుతూనే రండి, నేను అలాగే వచ్చాను.