సుగుణక్క కుట్టిన చిలుక చొక్కాలు

మెత్తటి ఫ్లానెల్ గుడ్డ వేళ్లకు తగిలితే చాలు, ఇప్పటికీ సుగుణక్క గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. మీర్‌పేట్‌లో నేను నడుపుకుంటున్న ఈ కుట్టు దుకాణం ఆమె పెట్టిన భిక్షే. నల్గొండ పల్లె నుంచి వచ్చిన సుగుణక్క, చంపాపేట్‌లో కిరాయి ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతూ నాలాంటి ఆడపిల్లలకు పని నేర్పేది. కుట్టు వంకరపోతే విప్పించేదాకా ఊరుకునేది కాదు; విప్పాక తానే చాయ్ పోసిచ్చేది. ఆ గదిలో ఒక బూడిదరంగు చిలుక ఉండేది. ఊరు మారుతూ ఎవరో కస్టమర్ ఇచ్చిపోయింది. మెషిన్ బల్ల మీద కూర్చుని, గుండీలు దొంగిలిస్తూ, అక్కతో సమానంగా మా మీద పెత్తనం చేసేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో సొంత దుకాణం పెట్టాలన్నది అక్క చిరకాల కోరిక. అది తీరాక, పొద్దున పోతే చీకటిపడ్డాకే ఇంటికొచ్చేది. చిలుకను వెంట తీసుకెళ్దామంటే రోడ్డు మీది హారన్లకు వణికిపోయేది. అలా ఇంట్లో ఒంటరిగా మిగిలిన చిలుక, కొన్నాళ్లకు రొమ్ము మీది ఈకలు తానే పీక్కోవడం మొదలుపెట్టింది. పురుగు పట్టిందేమోనని వేపాకు నీళ్లు చల్లాం. తగ్గలేదు. అక్క తనకు చేతనైన పని చేసింది. ఫ్లానెల్‌తో చిన్న చొక్కా కుట్టి తొడిగింది. చిలుక దాన్ని చింపేస్తే, ఈసారి లోపల ఇంకో పొరగా అస్తరు వేసి మరీ కుట్టింది. చూసినవాళ్లు ముద్దుగా ఉందంటుంటే మేమూ మురిసిపోయాం. చొక్కా మీదికి నెత్తురు ఊరేదాకా లోపల ఏం జరుగుతోందో మాకు తెలియలేదు.

ఎల్బీ నగర్‌లో పక్షుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. చర్మానికి జబ్బేమీ లేదని తేల్చి, "ఈమధ్య ఇంట్లో ఏం మారిందమ్మా?" అని అడిగారాయన. చేతిలోని నెత్తుటి చొక్కా చూస్తూ అక్క అంది.

"నేనే ఇంట్ల ఉంటలేను సార్."

తోడు లేక, ఏమీ తోచక కూడా చిలుకలు ఇలా పీక్కుంటాయని, ఎక్కువకాలం పీకితే కొన్నిచోట్ల ఈకలు మళ్లీ మొలవవని ఆయన చెప్పారు. అక్క ఆ నెలలోనే దుకాణం ఖాళీ చేసి మెషిన్ ఇంటికి తెచ్చేసుకుంది. చిలుక మెల్లగా పీక్కోవడం మానింది, మళ్లీ గుండీల మీద పడింది. రొమ్ము మాత్రం బోడిగానే మిగిలింది. దుకాణం పోయినందుకు అక్క బాధపడగా నేను చూడలేదు గానీ, ఆ రొమ్ము చూసినప్పుడల్లా కొంగుతో కళ్లు తుడుచుకునేది. "నాకు కుట్టుడు తెల్సని కుట్టుకుంటనే పోయిన. పక్కన జర కూసోవాలన్న సోయి రాలే" అనేది.

అక్క ఇప్పుడు లేదు. మొన్న మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, యూనిఫాం కాలరు కొరుక్కుంటూ మూల కూర్చుంది. కాలరు అంచంతా పీలికలైపోయింది. కొత్త కాలరు వేయడం నాకు చిటికెలో పని. చెయ్యి కత్తెర మీదికి పోయింది కూడా. కత్తెర వదిలేసి, వెళ్లి పిల్ల పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపటికి నా భుజానికి ఆనుకుని మెల్లగా అంది.

"మా క్లాసుల నా పక్కన ఎవ్వరు కూసుంటలేరమ్మా."