అటక మీది రొట్టె పీట

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే నాకు సగం ఓపిక అక్కడే అయిపోతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళు, చేతులు దెబ్బతిన్నవాళ్ళు మళ్ళీ తమ పనులు తాము చేసుకునేలా నేర్పించడం. అంతే. అందులో సూది లేదు, మాత్ర లేదు, నూనె పెట్టి మర్దన చేయడం లేదు. ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా జనం నన్ను ఎగాదిగా చూసి, "ఇంతేనా మేడం?" అని ముఖం మీదే అడిగేస్తారు.

పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెకు వారానికి రెండుసార్లు షేర్ ఆటోలో పోయేదాన్ని. అక్కడ ఒక ఇంట్లో అవ్వకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తూ నడిచేది. కొడుకు పత్తి రైతు, తల్లంటే ప్రాణం. తంటా అంతా అక్కడే వచ్చింది. నేను పోయేసరికి పక్కన కూర్చుని ముద్ద కలిపి ఆమె నోట్లో పెడుతుండేవాడు. "మా యమ్మను గ్లాసు గూడా ఎత్తనియ్యను మేడం" అని గర్వంగా చెప్పేవాడు. చూడవచ్చిన చుట్టాలు "కొడుకంటే ఇట్లుండల్ల" అని మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. వేళ్ళు కొంచెం కొంచెంగా విచ్చుకుంటున్నాయి, ఆ గ్లాసేదో ఆమెనే ఎత్తనీ అని గొంతు పోయేలా మొత్తుకున్నాను. వింటేగా!

నేనేం తక్కువ తినలేదు. రెండు నెలలపాటు ఆమె చేత ప్లాస్టిక్ గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేర్పించాను. ఒకరోజు అవ్వ వాటిని మోచేత్తో తోసేసింది. "ఇవి పేరిస్తే ఏమొస్తాదమ్మా నాకు?"

కోపం వచ్చింది. కానీ మొదటిరోజు ఆమె వివరాలు రాసుకున్న కాగితం సంచిలోంచి తీసి చూసుకుంటే సిగ్గేసింది. 'ఏ పని మళ్ళీ చేయాలని ఉంది?' అన్న ప్రశ్న ఎదుట 'నడవాలి' అని ఉంది. ఆ జవాబు కొడుకుది, చేతిరాత నాది. ఆ ప్రశ్న మనిషినే అడగాలని మాకు చదువులో మొట్టమొదట నేర్పుతారు. నేను అవ్వను అడగనే లేదు.

అప్పుడు అడిగాను. "రొట్టె తట్టల్ల" అంది, ఆలోచించనైనా ఆలోచించకుండా.

నలభై ఏళ్ళు ఆ ఇంటికీ, పత్తి తీయడానికి వచ్చే కూలీలకూ జొన్నరొట్టెలు తట్టిన చెయ్యి అది. రొట్టె తట్టాలంటే అరచెయ్యి పూర్తిగా తెరుచుకోవాలి. నాకు కావలసిందీ సరిగ్గా అదే. ఇంట్లోనే ఉన్న మందును వదిలేసి నేను గ్లాసులు మోసుకొచ్చాను!

కోడలు పీట తెచ్చింది గానీ ముందు పోయి వీధి తలుపు మూసింది. "సూసినోళ్ళు నన్నేమంటారు మేడం? రోగమొచ్చిన అత్తతో పని సేపిస్తాంది అనరా?" ఆమె భయం ఆమెది. అవ్వ ఎడమచేత్తో పిండి తిప్పుతూ కుడిచేత్తో తట్టింది. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు, రొట్టె మధ్యకు చీలింది. అయినా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు.

మళ్ళీ వారం పోతే పీట లేదు. పెనం తగిలి అవ్వ వేలికి చిన్న బొబ్బ వచ్చిందట, కొడుకు పీటను అటకెక్కించేశాడు. "ఇంక సాలు మేడం. పనిమనిషా మా యమ్మ?" అంటూ ముద్ద కలిపాడు. ఆ బొబ్బ నాలుగు రోజుల్లో మానిపోతుంది, నీ ముద్దతోనే ఆ చెయ్యి శాశ్వతంగా పోతుందని ఈ మనిషికి ఎట్లా చెప్పేది?

అవ్వ ఆ ముద్ద తీసుకోలేదు. అటక వైపు చూసింది. "పీట దించు."

"తినమ్మా, నా బంగారు కదా."

"పీట దించు."

నేనే ఎక్కి దించేద్దామని లేచాను. మళ్ళీ కూర్చున్నాను. అడుగుతున్నది అవ్వ. మధ్యలో నేను దూరితే నాకూ ఆ కొడుక్కీ తేడా ఏముంది? చేతులు కట్టుకుని కూర్చోవడం ఇంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు.

కొడుకు చేతిలో ముద్ద ఎండిపోయింది. చివరికి కోడలే స్టూలెక్కి పీట దించింది. పిండిగిన్నె తెచ్చి అవ్వ ముందు పెట్టి, తలుపు మూయడానికి వీధి వైపు నడిచింది.

"తీసే ఉండనీ మే" అంది అవ్వ, కుడిచెయ్యి పిండిలో పెడుతూ. "నేను తట్టేది వీధంతా ఇనపడనీ."